ఆపరేషన్ ఒక్కరోజు – జాగ్రత్త జీవితాంతం

(బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న వారికి, వారి కుటుంబ సభ్యులకు ఆరోగ్య పాఠం)





గత కొన్ని సంవత్సరాలుగా మన ఓ.పి.కి వచ్చేవారిలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారు కూడా కనబడుతున్నారు. ఈ ఆపరేషన్ మన ఆసుపత్రిలో చేయరు. పెద్ద పట్టణాలకు వెళ్లి చేయించుకొని వస్తారు. కాని ఆ తరువాత బ్రతికేది మన మధ్యనే. జ్వరం వచ్చినా, వాంతులు అయినా, మోకాలు నొప్పి పుట్టినా ముందు వచ్చేది మన దగ్గరికే. కనుక ఈసారి పాఠం వారి కోసం, వారింట్లో వంట చేసేవారి కోసం, గుడిలో వారి పక్కన కూర్చునే మనందరి కోసం.

ఒక సహోదరి అనుభవం

మన సంఘంలోని ఒక సహోదరి గురించి ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాను. పేరు వ్రాయడం లేదు. ఆమె బడిలో టీచరు. బరువు 112 కిలోలు ఉండేది. షుగరు, బీపీ రెండూ ఉండేవి. మెట్లు ఎక్కితే ఆయాసం. ఐదేళ్ల క్రితం పట్టణంలో బైపాస్ ఆపరేషన్ చేయించుకుంది. ఏడాదిన్నరలో దాదాపు 36 కిలోలు తగ్గింది. షుగరు మాత్రలు ఆగిపోయాయి. కూటములకు తానే నడిచి వచ్చేది. అందరం సంతోషించి దేవుణ్ణి స్తుతించాము.

గత సంవత్సరం మే నెలలో ఒక ఆదివారం, ఆరాధన ముగిసి అందరూ బయట చెప్పులు వేసుకుంటున్నారు. ఆమె పది అడుగులు వేసింది. ఒక చెప్పు వెనకే ఉండిపోయింది. నేల నిప్పులా ఉంది. ఒక చిన్నపిల్ల ఆ చెప్పు పట్టుకొని ఆమె వెనుక పరుగెత్తింది. నేను దగ్గరకు వెళ్లి, "ఏమ్మా, కాలు కాలడం లేదా?" అని అడిగాను. ఆమె క్రిందికి చూసుకొని, "చెప్పు జారిపోయిందా అమ్మగారూ? నాకు తెలియనే లేదు" అన్నది.

మరునాడు ఆసుపత్రికి పిలిపించాము. ఆరు నెలలుగా పాదాలలో తిమ్మిర్లు ఉన్నాయట. "పాత షుగరు తిమ్మిర్లే గదా" అని ఊరుకున్నదట. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉంది. విటమిన్ బి12 చాలా తక్కువగా ఉంది. మాత్రల సంగతి అడిగితే, రెండేళ్ల పాటు వేసుకొని మానేశానని చెప్పింది. "సన్నబడ్డాను, షుగరు పోయింది, ఇక బాగైపోయానని అనుకున్నాను అమ్మగారూ" అన్నది.

ఇందులో నా తప్పు కూడా ఉంది. నేను 30 ఏళ్లకు పైగా నర్సుగా పని చేస్తున్నాను. ప్రతి ఆదివారం ఆమెను చూసి "ఎంత బాగా తగ్గావమ్మా" అని మెచ్చుకున్నానే గాని, "మాత్రలు వేసుకుంటున్నావా? పరీక్షలు చేయించుకున్నావా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే ఈ పాఠం వ్రాస్తున్నాను.

ఈ ఆపరేషన్లో ఏమి చేస్తారు?

మన దగ్గర ఎక్కువగా చేసేవి రెండు రకాలు.

స్లీవ్ ఆపరేషన్: జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులు కోసి తీసివేస్తారు. మిగిలినది అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలా ఉంటుంది. కొంచెం తినగానే కడుపు నిండుతుంది. ఆకలి పుట్టించే ఒక హార్మోను కూడా తగ్గుతుంది.

బైపాస్ ఆపరేషన్: జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచి మాత్రం ఉంచి, దానిని చిన్నప్రేగుకు క్రిందివైపున కలుపుతారు. తిన్న ఆహారం మిగిలిన జీర్ణాశయంలోకి, చిన్నప్రేగు మొదటి భాగంలోకి వెళ్లకుండా పక్కదారిన పోతుంది.

ఇక్కడే మనం గ్రహించవలసిన విషయం ఉంది. ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది ఆ చిన్నప్రేగు మొదటి భాగంలోనే. బి12 ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం ఊరించే ఒక పదార్థం అవసరం. జీర్ణాశయం తగ్గినా, పక్కన పెట్టినా ఇవన్నీ తగ్గుతాయి. ఎంత మంచి ఆహారం తిన్నా ఈ లోటు ఆహారంతోనే పూడదు. అందువల్లనే మాత్రలు జీవితాంతం వేసుకోవాలి.

బి12 మన కాలేయంలో కొంత నిల్వ ఉంటుంది. మాత్రలు మానిన వెంటనే ఏమీ తెలియదు. నిల్వ ఖర్చయ్యేదాకా మనిషి బాగానే తిరుగుతాడు. ఒకటి రెండేళ్లు గడిచాక, ఆపరేషన్ సంగతి అందరూ మరచిపోయిన తరువాత, తిమ్మిర్లు మొదలవుతాయి. నరాలు దెబ్బతిని చాలాకాలమైతే, తరువాత ఇంజెక్షన్లు ఇచ్చినా పూర్తిగా బాగుపడకపోవచ్చు.

ఆపరేషన్ వల్ల మేలు లేదా?

తప్పక ఉంది. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. స్వీడన్ దేశంలో 1987లో మొదలుపెట్టి, ఆపరేషన్ చేయించుకున్నవారిని, చేయించుకోనివారిని ఎన్నో ఏళ్లు గమనించారు. ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు తక్కువని 2007లో ప్రకటించారు. వారు సుమారు 3 ఏళ్లు ఎక్కువ బ్రతుకుతున్నారని 2020లో తేల్చారు. అయితే సాధారణ ప్రజలతో పోలిస్తే వారి ఆయుష్షు ఇంకా 5 ఏళ్లకు పైగా తక్కువే ఉంది. అనగా ఆపరేషన్ గొప్ప సహాయమే గాని, దానితోనే అంతా అయిపోలేదు.

1. మాత్రలు మానవద్దు

సాధారణంగా వ్రాసేవి ఇవి:

– మల్టీవిటమిన్: రోజూ. ఇందులో ఖనిజాలు, బి1 కూడా ఉండాలి. మందుల షాపులో "బలానికి" అని ఇచ్చే బి-కాంప్లెక్స్ ఒక్కటే చాలదు. దానిలో ఐరన్, కాల్షియం, విటమిన్ డి ఉండవు.
– బి12: రోజూ 350 నుండి 1000 మైక్రోగ్రాముల మాత్ర, లేదా నెలకు 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్.
– ఐరన్: మగవారికి సుమారు 18 మిల్లీగ్రాములు. బహిష్టు అయ్యే స్త్రీలకు, బైపాస్ అయినవారికి 45 నుండి 60 మిల్లీగ్రాములు.
– కాల్షియం: రోజుకు 1200 నుండి 1500 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా. సిట్రేట్ రకమైతే బాగా పడుతుంది.
– విటమిన్ డి: రక్తపరీక్షను బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు ఎవరో చెప్పారని నెలల తరబడి సొంతంగా వాడకూడదు.

కాల్షియం, ఐరన్ కలిపి వేసుకుంటే ఒకదానినొకటి అడ్డుకుంటాయి. రెండింటికీ మధ్య కనీసం 2 గంటలు ఉండాలి. ఐరన్ మాత్రను టీ, కాఫీలతో వేసుకోవద్దు. నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకుంటే మంచిది. ఉదయం ప్రార్థన తరువాత ఒకటి, రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత ఒకటి అని సమయం పెట్టుకుంటే మరపు ఉండదు.

2. ముందు మాంసకృత్తులు, తరువాత అన్నం

మన అలవాటు ఏమిటి? పళ్లెం నిండా అన్నం, పక్కన కొంచెం కూర. ఆపరేషన్ అయినవారికి ఇది తిరగబడాలి. ముందు గుడ్డు, చేప, కోడిమాంసం, పప్పు, మీల్ మేకర్, పెరుగు వంటివి తినాలి. తరువాత కూరగాయలు. చివర చోటు మిగిలితే అన్నం. ముందే అన్నంతో కడుపు నింపితే కండ కరిగిపోతుంది.

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఉదాహరణకు: 2 గుడ్లలో 12 గ్రాములు, ఒక గ్లాసు పాలలో 6, ఒక చిన్న గిన్నెడు గట్టి పప్పులో 7, ఒక కప్పు పెరుగులో 5, గుప్పెడు (25 గ్రాములు) మీల్ మేకర్లో 13, 75 గ్రాముల వండిన చేప లేక కోడిమాంసంలో 18 దాకా వస్తాయి. మొత్తం 61 గ్రాములు. ఇది కూలి పని చేసే ఇంట్లో కూడా సాధ్యమే. మాంసం లేని రోజున పెసరట్టు, శనగలు, వేరుశనగలు ఆ లోటు కొంత తీర్చుతాయి.

చిన్న ముద్దలు పెట్టుకొని బాగా నమిలి, 20 నుండి 30 నిమిషాలు తీసుకొని తినండి. భోజనంతో పాటు నీళ్లు త్రాగవద్దు. అరగంట ఆగి త్రాగండి. కడుపు నిండిందనిపించగానే ఆపండి. "ఇంకొక్క ముద్ద" అని బలవంతం చేయవద్దని ఇంటివారికి నా మనవి.

లడ్డు, కేకు, కూల్ డ్రింకు వంటివి ఎక్కువగా తీసుకుంటే, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, అరగంటలోపే చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, విరేచనం రావచ్చు. కొందరికి 1 నుండి 3 గంటల తరువాత షుగరు బాగా పడిపోయి కళ్లు తిరుగుతాయి. దీనిని దయ్యమనో, దిష్టి అనో అనుకోకండి. తిన్నదేమిటో గుర్తు చేసుకొని డాక్టరుకు చెప్పండి.

3. వాంతులను తేలికగా తీసుకోవద్దు

నీళ్లు రోజుకు కనీసం లీటరున్నర, ఎండాకాలంలో 2 లీటర్లకు పైగా, గుక్క గుక్కగా త్రాగాలి. నీళ్లు తగ్గితే మూత్రపిండాలలో రాళ్లు ఏర్పడవచ్చు.

రెండు మూడు రోజులు వాంతులు ఆగకపోతే విటమిన్ బి1 నిల్వలు త్వరగా తగ్గిపోతాయి. అప్పుడు చూపు రెండుగా కనబడడం, నడక తూలడం, మాట తడబడి మతిమరుపు రావడం జరుగుతుంది. ఇది ప్రాణాపాయం. ఆలస్యమైతే మెదడుకు శాశ్వత నష్టం కలుగుతుంది.

ఇటువంటి సమయంలో "నీరసంగా ఉన్నాడు" అని ఊళ్లో గ్లూకోజ్ సీసా పెట్టించడం మనకు అలవాటు. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కొద్దిపాటి బి1 కూడా ఖర్చయి పరిస్థితి విషమిస్తుంది. కనుక సీసా పెట్టకముందే, "ఈయనకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది, ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వండి" అని ఇంటివారే చెప్పాలి. ఏ సంవత్సరంలో, ఏ రకం ఆపరేషన్ అయిందో ఒక కార్డు మీద వ్రాసి పర్సులో పెట్టుకోండి. రోగి మాట్లాడలేని సమయంలో ఆ కార్డే మాట్లాడుతుంది.

4. నొప్పి మాత్రలతో జాగ్రత్త

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, ప్రేగు అతికిన చోట పుండు చేస్తాయి. ఆ పుండు నుండి రక్తం కారవచ్చు, చిల్లు కూడా పడవచ్చు. షాపులో అడిగి కొనే కొన్ని మాత్రలలో పారాసిటమాల్‌తో పాటు ఇవి కూడా కలిసి ఉంటాయి. కనుక ఉత్త పారాసిటమాల్ కావాలని అడగండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారు సొంతంగా మానవద్దు, డాక్టరును అడగండి. బీడీ, సిగరెట్టు, చుట్ట కూడా ఇదే పుండుకు కారణం.

5. షుగరు, బీపీ పోయాయా?

చాలామందికి షుగరు మాత్రలు తగ్గుతాయి, కొందరికి పూర్తిగా ఆగుతాయి. అది దేవుని కృప. కాని కొన్నేళ్లకు షుగరు తిరిగి రావచ్చు. అందువల్ల మాత్రలు ఆగినా సంవత్సరానికోసారి షుగరు పరీక్ష, కంటి పరీక్ష, మూత్రపిండాల పరీక్ష, పాదాల పరీక్ష మానకూడదు. ఇంకొక హెచ్చరిక: బరువు వేగంగా తగ్గే నెలల్లో పాత మోతాదులోనే మాత్రలు వేసుకుంటే షుగరు, బీపీ పడిపోయి మనిషి పడిపోతాడు. మోతాదు తగ్గించేది, పెంచేది డాక్టరే.

6. ఎప్పుడు పరీక్షలకు రావాలి?

మొదటి సంవత్సరంలో 3, 6, 12 నెలలకు. ఆ తరువాత ప్రతి సంవత్సరం, జీవితాంతం. హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వ (ఫెరిటిన్), బి12, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, ఆల్బుమిన్, కాలేయం, మూత్రపిండాలు, షుగరు, కొవ్వు – ఇవి చూడాలి. ఎముకల బలం కూడా అవసరాన్ని బట్టి పరీక్షిస్తారు. పట్టణానికి ప్రతిసారి వెళ్లలేకపోతే దగ్గరి ఆసుపత్రిలో రక్తం ఇచ్చి, ఆ రిపోర్టులు మీ సర్జన్ గారికి పంపించవచ్చు. మీ పుట్టినరోజు వచ్చిన నెలను పరీక్షల నెలగా పెట్టుకోండి.

7. స్త్రీలకు ప్రత్యేకముగా

బరువు తగ్గాక బహిష్టులు క్రమపడి, ఎన్నో ఏళ్లుగా గర్భం రానివారికి కూడా గర్భం వస్తుంది. సంతోషమే. కాని ఆపరేషన్ తరువాత కనీసం 12 నుండి 18 నెలలు ఆగాలి. బరువు వేగంగా తగ్గే సమయంలో బిడ్డకు పోషణ చాలదు. బైపాస్ అయినవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా పని చేయకపోవచ్చు, వేరే పద్ధతి అడగండి. గర్భవతికి గ్లూకోజ్ నీళ్లు త్రాగించి చేసే షుగరు పరీక్ష వీరికి పడకపోవచ్చు. ఆపరేషన్ సంగతి లేడీ డాక్టరుకు మొదటి రోజే చెప్పండి. అత్తవారింట తెలియకూడదని దాచవద్దు.

మొదటి 3 నుండి 6 నెలల్లో జుట్టు రాలుతుంది. సాధారణంగా తిరిగి వస్తుంది. మాంసకృత్తులు, ఐరన్ సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

8. బరువు మళ్లీ పెరిగితే

కొంత పెరగడం సహజమే. పైన చెప్పిన స్వీడన్ అధ్యయనంలో బైపాస్ అయినవారు మొదటి ఒకటి రెండేళ్లలో తమ బరువులో సుమారు 32 శాతం తగ్గారు. 10 ఏళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. కనుక 4, 5 కిలోలు పెరిగాయని సిగ్గుపడి ఆసుపత్రికి రావడం మానవద్దు. మందలించడానికి మేము లేము. సహాయం చేయడానికే ఉన్నాము. రోజూ అరగంట నడవండి. కండ నిలిచే వ్యాయామం కొంచెం చేయండి. బరువు తగ్గడానికి వాడే టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు 2025 నుండి మన దేశంలోనూ దొరుకుతున్నాయి. డాక్టరు పర్యవేక్షణలో అవి కొందరికి ఉపయోగపడతాయి. ఎవరో చెప్పారని కొని వేసుకోవద్దు.

మద్యం వీరికి చాలా త్వరగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదం కూడా ఎక్కువ. పూర్తిగా మానడమే మేలు. మనసు సంగతి కూడా చెప్పాలి. వ్రేలాడే చర్మం, మారిన రూపం, "పీక్కుపోయావేమిటి" అనే మాటలు కొందరిని కృంగదీస్తాయి. నిద్ర పట్టకపోయినా, బ్రతకాలని లేకపోయినా దాచవద్దు. కాపరి గారితో చెప్పండి, డాక్టరుతో కూడా చెప్పండి. రెండూ అవసరమే.

9. ఉపవాసము, ప్రేమ విందులు

శ్రమదినాల్లో చాలామంది నన్ను అడుగుతారు. నేను నర్సును, బోధకురాలిని కాదు. అయినా ఆరోగ్యరీత్యా చెప్పవలసినది చెబుతాను. ఆపరేషన్ అయినవారు నీళ్లు కూడా త్రాగకుండా ఉపవాసం ఉండకూడదు. మీ కాపరి గారికి సంగతి చెప్పండి. టీవీ, ఫోను, ఇష్టమైన వేరొకటి విడిచి ఆ సమయం ప్రార్థనలో గడపవచ్చు. కోతకాల పండుగలో, క్రిస్మస్ విందులో వడ్డించేవారు "సహోదరుడు సరిగా తినడం లేదు" అని నొచ్చుకోవద్దు. ఆయన ఆకులో ఒక గుడ్డు, రెండు ముక్కలు వేసి, మిగతా ప్రేమ మాటల్లో చూపండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

– ఆపరేషన్ అయి ఎన్నేళ్లయినా సరే, తీవ్రమైన కడుపునొప్పి. బైపాస్ తరువాత ప్రేగు లోపల ఇరుక్కొనే అవకాశం ఉంది. "గ్యాస్" అని ఊరుకోవద్దు.
– నల్లని విరేచనం, రక్తపు వాంతి.
– రెండు రోజులకు మించిన వాంతులు.
– చూపు మసక, నడక తూలడం, మతి తప్పిన మాటలు.
– పాదాలు, చేతులలో తిమ్మిర్లు, స్పర్శ తెలియకపోవడం.
– కుడివైపు డొక్కలో నొప్పి, కళ్లు పచ్చబడడం. బరువు వేగంగా తగ్గినవారికి పిత్తాశయంలో రాళ్లు రావచ్చు.
– ఆయాసం, ముఖం పాలిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం.

ముగింపు

మన సహోదరికి బి12 ఇంజెక్షన్లు, ఐరన్ ఇచ్చారు. ఇప్పుడు హిమోగ్లోబిన్ 12కు వచ్చింది. నడక కుదుటపడింది. కాని కాలివేళ్లకు స్పర్శ పూర్తిగా రాలేదు. ఇక ముందు వస్తుందో రాదో డాక్టరు గారు కూడా మాట ఇవ్వలేదు. వెనుక పట్టీ ఉన్న చెప్పులే వేసుకుంటుంది. రోజూ రాత్రి పాదాలు చూసుకుంటుంది. ఈ పాఠం వ్రాస్తానంటే, "నా సంగతి వ్రాయండి అమ్మగారూ, ఇంకొకరైనా మాత్రలు మానకుండా ఉంటారు" అన్నది.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠురోగులు స్వస్థత పొందారు. తిరిగి వచ్చినవాడు ఒక్కడే. నాకు ఓ.పి.లో ఈ సంగతి తరచూ జ్ఞాపకం వస్తుంది. బాగైనవారు తిరిగి రారు. బాగైంది కదా, ఇక ఎందుకని అనుకుంటారు. ప్రియులారా, బాగైనప్పుడే తిరిగి రండి. సంవత్సరానికి ఒకసారి రక్తం ఇచ్చి, బరువు చూసుకొని, పాదాలు చూపించి వెళ్లడం కూడా దేవుడిచ్చిన దేహమునకు మనం చెల్లించే కృతజ్ఞతే.

ఇక సంఘంలోని మనందరికీ ఒక మాట. ఎవరైనా సన్నబడి కనబడితే "ఎంత తగ్గావు!" అని అనండి, తప్పులేదు. వెంటనే ఇంకొక మాట కూడా అడగండి: "మాత్రలు వేసుకుంటున్నావా?"

దేవుడు మిమ్మును, మీ కుటుంబమును దీవించి కాపాడును గాక. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్